పల్లెపాటయు గ్రామఫోను రికార్డును

పాట రెండు విధముల బ్రదుకును. నోటినుండి చెవికిని, చెవినుండి మరల నోటికిని పోవుచు బ్రదుకుట మొదటి విధము. ఒకరు ఒకనాడు పాడినది యంత్రమున నిలిచి, పాడినవారు లేకున్నను మరల మరల వినబడుట రెండవ విధము. మొదటి విధము మనుష్యజాతి యంత ప్రాచీనము. రెండవది 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టిన పిమ్మట మొదలైనది.

చేలలోను, ఇండ్లలోను, సంతలలోను పుట్టిన పాట రికార్డునకెక్కినప్పుడు దానికేమి లాభము కలుగును, ఏమి నష్టము కలుగును అను ప్రశ్నను ఈ వ్యాసమున మేము విచారింపదలచితిమి. ఇందుకు రెండు ఉదాహరణములను గ్రహించితిమి. ఒకటి అమెరికాలోని టెక్సాసు రాష్ట్రపు గాయకుడు జార్జి జోన్సు 1956లో వెలువరించిన మొదటి ఆల్బము. రెండవది మన తెలుగుసీమలో పల్లెపాటలను రికార్డులకును, రేడియోకును ఎక్కించిన వింజమూరి సోదరీమణుల కృషి. వీనితో కెలమంగలమునకేమి పని యని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఆ పని యేమో వ్యాసము చివర తేటపడును.

1. రికార్డు, ఆల్బము అనగానేమి?

1887లో బెర్లినర్ అను నాతడు చదునైన పలకమీద ధ్వనిని నిలుపు పద్ధతిని కనిపెట్టెను. ఆ పలకయే మన పెద్దలెరిగిన గ్రామఫోను రికార్డు. చాలకాలము దీనిని లక్క కలిపి చేసిరి. ఆ లక్కలో పెద్దభాగము మన దేశపు మోదుగ, రేగు మొదలగు చెట్లపై పురుగులు పెట్టినదే. మన స్త్రీల గాజులకు వాడిన వస్తువే లోకమునందలి గాయకుల గొంతులనుగూడ మోసినదన్నమాట.

ఆ రికార్డు నిమిషమునకు 78 మార్లు తిరుగును. పది అంగుళముల రికార్డున ఒక వైపు సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. ఈ మూడు నిమిషముల కొలతను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మన విచారణకిది ముఖ్యము. మొదట గాయకులు పెద్ద గరాటు వంటి కొమ్ములోనికి గట్టిగా పాడవలసి యుండెను. 1925 నుండి మైక్రోఫోను వాడుకలోనికి వచ్చుటతో మెల్లగా పాడు గొంతు కూడ రికార్డున నిలువగలిగెను. తల్లి బిడ్డకు పాడు జోలపాట జోలపాటగానే రికార్డునకెక్కుట అప్పుడు సాధ్యమాయెను.

ఒక గాయకుని రికార్డులను నాలుగైదింటిని చేర్చి, ఛాయాచిత్రముల పుస్తకమువలె కట్టి అమ్మెడివారు. ఆ కట్టయే ఆల్బము. 1948లో నిమిషమునకు 33⅓ మార్లు తిరుగు పెద్ద రికార్డు వెలువడెను. ఒక్కొక్క వైపు ఇరువది నిమిషములకు పైగా పాటలు దానియందు పట్టెను. అప్పటినుండి ఒకే రికార్డు ఆల్బమాయెను. కట్ట పోయినను పేరు నిలిచినది.

మన దేశమున గ్రామఫోను వ్యాపారమునకు తొలి రికార్డింగులు 1902లో కలకత్తాయందు జరిగినవి. ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ ఆనాడు పాడినది. ఆమె ప్రతి పాట చివర తన పేరు తానే చెప్పెడిది. పలకలు అచ్చువేయువారు పాడినదెవరో పొరపాటు లేక గుర్తింపవలెనని ఈ యేర్పాటు. ఈ చిన్న విషయమును కూడ పాఠకులు మరువరాదు. దీని ప్రయోజనము మనకు తుదిని కలుగును.

2. హాంకీ టాంక్ పాట

అమెరికాలో పల్లెప్రజల పాటకు కంట్రీ సంగీతమని పేరు. అందొక శాఖకు హాంకీ టాంక్ అని పేరు. హాంకీ టాంక్ అనగా కూలిజనము సాయంకాలము చేరి త్రాగి, ఆడి, పాడు పానశాల. టెక్సాసున నూనెబావులు వెలసిన చోట్ల ఇట్టివి ఎక్కువగా నుండెను. 1933లో మద్యనిషేధము తొలగిన పిమ్మట ఇవి మరియు పెరిగెను.

సంగీతము పుట్టిన చోటు సంగీతపు రూపును నిర్ణయించును. ఇంటి అరుగుపై ఒక్క తంత్రీవాద్యముతో పాడుకొను పాట పానశాల సందడిలో వినబడదు. అందుచే విద్యుత్తుతో మ్రోగు గిటారును, జారుడు నాదము గల స్టీలు గిటారును చేర్చిరి, తాళమును గట్టిపరచిరి. పాటల విషయమును మారెను. పొలము, గుడి, తల్లి అను పాత విషయములకు తోడు, ఊరు విడిచి కూలికి వచ్చినవాని ఒంటరితనము, చెదరిన కాపురము, త్రాగుడు, పశ్చాత్తాపము పాటలోనికి వచ్చెను. టెక్సాసువాడైన ఎర్నెస్టు టబ్బు 1941లోను, అలబామావాడైన హ్యాంకు విలియమ్సు ఆ దశాబ్దము చివరను ఈ పాటకు దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చిరి. విలియమ్సు 1953 జనవరి 1వ తేదీన ఇరువది తొమ్మిదేండ్లకే మరణించెను. 1952లో కిట్టీ వెల్సు అను గాయని, కాపురములు చెడుటకు స్త్రీలనే నిందించుట తగదని బదులు పాట పాడి మొదటి స్థానము నందుకొనెను. మాట దెబ్బకు మాటతో బదులిచ్చు సంప్రదాయము మన పెండ్లిపాటలలో వియ్యపురాండ్ర నడుమ నున్నదే.

3. జార్జి జోన్సు తొలి ఆల్బము

జార్జి జోన్సు 1931 సెప్టెంబరు 12న టెక్సాసులోని సారటోగా అను చిన్న యూర బీదకుటుంబమున జన్మించెను. తల్లి దేవాలయమున పియానో వాయించెడిది. తండ్రి కష్టజీవియే గాని త్రాగుడునకు లోబడినవాడు. తొమ్మిదవ యేట చేతికి గిటారు రాగా, బాలుడు బోమాంటు పట్టణపు వీధులలో పాడి చిల్లరడబ్బులు సంపాదించెను. ఆతని సంగీతవిద్య పాఠశాలలో నేర్చినది గాదు. గుడిపాట, రేడియో, వీధి యను మూటియందు నేర్చినది.

1954లో స్టార్‌డే అను క్రొత్త చిన్న సంస్థకు ఆతడు పాడ నారంభించెను. ఆ తొలి రికార్డింగులు గొప్ప మందిరములలో జరిగినవి కావు. బోమాంటు కడ రహదారి ప్రక్కనున్న ఒక ఇంటి గదిలో, గోడలకు కోడిగ్రుడ్ల అట్టలు కొట్టి పాడించిరనియు, బయట లారీ పోవునపుడెల్ల పాట నాపి మరల మొదలుపెట్టవలసి వచ్చెడిదనియు జోన్సు పిమ్మట చెప్పుకొనెను. 1955లో హూస్టను నగరమందలి గోల్డ్ స్టార్ స్టూడియోలో పాడిన "వై బేబీ వై" అను పాట ఆతనికి పేరు తెచ్చెను. దానిని ఆతడును, ఆతని మిత్రుడు డారెల్ ఎడ్వర్డ్సును కలిసి వ్రాసిరి. ప్రేయసిని నిలదీయు సామాన్యుని మాటలే పాటగా మారినవి. నిఘంటువు చూడవలసిన పదమొక్కటియు అందు లేదు.

1956లో ఆ పాటను, మరికొన్ని పాటలను చేర్చి సంస్థవారు "గ్రాండ్ ఓల్ ఆప్రీస్ న్యూ స్టార్" అను ఆల్బమును వెలువరించిరి. గ్రాండ్ ఓల్ ఆప్రీ అనునది నాష్‌విల్ నగరమున 1925 నుండి సాగుచున్న రేడియో సంగీతసభ. అందు చోటు దొరకుట పల్లెగాయకునకు పట్టాభిషేకము వంటిది. ఆల్బము పేరే ఆ గౌరవమును చాటుచున్నది.

ఈ ఆల్బమునుండి మనము గ్రహింపదగిన పాఠము లెవ్వి? యంత్రసామగ్రి గొప్పదై యుండనక్కరలేదనుట మొదటిది. గాయకుడు తన యూరి యాసను విడువనక్కరలేదనుట రెండవది. తొలినాళ్ల పాటలలో జోన్సు తనకిష్టులైన పెద్ద గాయకుల ననుకరించెను; తన గొంతుతో తానుగా పాడనేర్చిన పిమ్మటనే నిలిచెను. ఒక హెచ్చరికయు గలదు. ఆతడు పాడిన త్రాగుడుపాటలు ఆతని జీవితమున నిజములాయెను. చాలయేండ్లు మద్యమునకు లోబడి కాపురమును, సభలను, ఆరోగ్యమును చెడగొట్టుకొని, ఎట్టకేలకు తేరుకొని, 2013 ఏప్రిలు 26న మరణించెను. పాట గొప్పది, బ్రదుకును దానికి బలిచేయుట గొప్ప గాదు.

4. వింజమూరి సోదరీమణులు

ఇప్పుడు మన యింటికి వత్తము. వింజమూరి అనసూయాదేవి 1920 మే 12న కాకినాడలో జన్మించెను. తండ్రి వింజమూరి వెంకటలక్ష్మీనరసింహారావు నాటకకర్త, సంస్కృతపండితుడు. తల్లి వెంకటరత్నమ్మ స్త్రీల కొరకు పత్రిక నడపిన విదుషి. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనమామ. అనసూయ ఎనిమిదవ యేటనే గ్రామఫోను రికార్డునకు పాడెనని ప్రసిద్ధి. హార్మోనియము వాయించుటయందును, గీతములకు వరుసలు కట్టుటయందును ఆమె దిట్ట. చెల్లెలు సీత ఆమెకు తోడుగొంతు. సీత-అనసూయలను జంటపేరు తెలుగువారి నోట చిరకాలము మెలగినది.

ఆనాటి సభలలో కీర్తనలకు, పద్యములకు మర్యాద యుండెను. దంపుడుపాటకు, నాట్లపాటకు ఆ మర్యాద లేకుండెను. ఈ సోదరీమణులు పల్లెస్త్రీల పాటలను సేకరించి, నేర్చి, వేదికలపైనను, మద్రాసు రేడియోలోను, రికార్డులలోను పాడిరి. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938లో మొదలైనదనునది ఇచ్చట గుర్తింపదగినది. రేడియో యున్న ప్రతి ఇంటికిని పల్లెపాట పోవుటకు త్రోవ ఏర్పడినది. అనసూయాదేవి జానపదగేయములకు స్వరములు గూర్చి పుస్తకములుగను ప్రకటించెను. ఆంధ్రవిశ్వవిద్యాలయము ఆమెకు కళాప్రపూర్ణ బిరుదము నిచ్చి గౌరవించినది.

ఒక భేదమును పిల్లలకు తప్పక చెప్పవలెను. పల్లెపాటలని మన మనుకొనువానిలో కొన్ని పల్లెజనము కట్టినవి. కొన్ని చదువుకొన్న కవులు పల్లెబాణీలో వ్రాసినవి. సీత-అనసూయల గొంతున ప్రసిద్ధి కెక్కిన "మొక్కజొన్న తోటలో" అను పాట కొనకళ్ల వెంకటరత్నము రచన. 1925లో వెలువడిన "ఎంకిపాటలు" ఏలూరులో న్యాయవాదియైన నండూరి వెంకటసుబ్బారావు రచన. కవి పేరు మరచి జనము తమ పాటగా పాడుకొనుట ఆ కవులకు లోపము గాదు; పరమగౌరవము. అయినను కర్త తెలిసినప్పుడు చెప్పుట మన విధి.

ఈ కథకు ఒక వింతయైన ముగింపు గలదు. అనసూయాదేవి చివరిదినములు అమెరికాలో గడచినవి. 2019 మార్చి 23న తొంబదెనిమిదవ యేట ఆమె హూస్టను నగరమున కన్నుమూసెను. జోన్సుకు పేరు తెచ్చిన పాట రికార్డయిన నగరమే అది. ఒకే యూర ఒక దేశపు పానశాలపాటయు, మరియొక దేశపు నాట్లపాటయు చేరినవి. రెండును చేరుటకు కారణ మొక్కటియే: వానిని మోసికొనిపోయిన గొంతులు తమ యాసకు సిగ్గుపడలేదు.

5. రికార్డునకెక్కినప్పుడు పాటలో మారునవి

లాభము స్పష్టము. పాట నిలుచును, దూరము పోవును, గౌరవము పొందును. నష్టములను కూడ పరిశీలింతము.

మొదటిది కొలత. విసుర్రాయి పాటకు కొలత లేదు. చేటలోని రాగులు ముగియువరకు పాట సాగును. గింజలు మిగిలినచో పాడునామె క్రొత్త చరణము కట్టును. రికార్డున మూడు నిమిషములే. కాబట్టి నలువది చరణముల పాటలో నాలుగు మాత్రము నిలిచి, తక్కినవి మరపున పడును.

రెండవది పని. నాట్లపాటకు తాళము వంగిన నడుము, మునుగు చేయి. పనిలేని గదిలో పాడునప్పుడు ఆ తాళమును వాద్యముతో పూరింపవలెను. పాట అందముగా నుండునుగాని అలసట తీర్చు దాని పని పోవును.

మూడవది గుంపు. పల్లెపాటలో ఒకరు అందింతురు, పదిమంది అందుకొందురు. వినువారు వేరు, పాడువారు వేరని లేదు. రికార్డు వచ్చినతోడనే ఒకరు గాయకులైరి, తక్కినవారు శ్రోతలైరి. పాడుట మనపని గాదను భావము ఇట్లే పుట్టినది. మా యభిప్రాయమున నష్టములన్నింటిలో ఇదియే పెద్దది.

నాలుగవది పలుకు. పదిజిల్లాలవారికి తెలియవలెనను తలంపుతో ఊరిమాటను తీసి పుస్తకపుమాట పెట్టుదురు. అర్థము నిలుచును, ఊరు పోవును.

ఈ నష్టముల నెరిగియే పండితులు పాటలను సమగ్రముగ వ్రాసికొనుటకు పూనుకొనిరి. నేదునూరి గంగాధరము ఊరూర తిరిగి గేయములను సేకరించెను. బిరుదురాజు రామరాజు జానపదగేయములపై పరిశోధన చేసి, "తెలుగు జానపదగేయ సాహిత్యము" అను గ్రంథమును 1958లో ప్రకటించెను. రికార్డు పాటయొక్క గొంతును కాపాడును. వ్రాతప్రతి పాటయొక్క నిడివిని కాపాడును. రెండును కావలెను.

6. మన సీమ, మన పిల్లలు

ఇక కెలమంగలమునకు వత్తము. మన కృష్ణగిరి జిల్లా 2004లో ధర్మపురి జిల్లానుండి ఏర్పడినది. ధర్మపురి 1965లో సేలమునుండి ఏర్పడినది. పటములు మారినవి గాని, హోసూరు, డెంకణికోట, కెలమంగలము, రాయకోట ప్రాంతముల ఇండ్లలో తెలుగు, కన్నడము, తమిళము కలసిమెలసి యుండుట మారలేదు. పెద్దలు దీనిని మొరసునాడందురు. కన్నడరాష్ట్రమున నున్న కైవారమందలి నారాయణ తాతయ్య తెలుగున తత్త్వములు పాడెను. ఆ తత్త్వములు నేటికిని భజనలలో వినబడుచున్నవి. పాట రాష్ట్రపు ఎల్లల నెరుగదు.

2006లో తమిళనాట వచ్చిన చట్టముచే బడులలో తమిళము మొదటి తరగతినుండి క్రమముగ నిర్బంధపాఠ్యమాయెను. నివసించు రాష్ట్రపు భాష నేర్చుట మన పిల్లలకు మేలే. దానితో మనకు వైరము లేదు. అయితే బడిలో తెలుగునకు దొరకు వేళ తగ్గినకొలది, ఇంటిలో తెలుగునకు దొరకు వేళ పెరుగవలెను. ఆ బరువు తల్లిదండ్రులదే.

ఇచ్చట మేము గమనించిన చిక్కొకటి గలదు. పాఠ్యపుస్తకమున గేదె యని యుండును. ఇంటిలో అవ్వ ఎనుము అనును. పుస్తకమున గట్టు, ఇంటిలో గెనిమ. పుస్తకమున అన్నము, ఇంటిలో సంగటి. బిడ్డ యేమనుకొనును? పుస్తకపుమాట శుద్ధము, అవ్వమాట తప్పు అని. ఆ పైన అవ్వతో తెలుగు మాటలాడుటకే సంకోచించును. భాష పోవుట ఎవరో నిషేధించుటచే గాదు. ఇట్లు సిగ్గుచే మొదలగును. ఎనుము, గెనిమ, సంగటి శుద్ధమైన తెలుగుమాటలే. సీమకొక మాట యుండుట భాషకు లేమి గాదు, కలిమి.

ఈ సిగ్గును పోగొట్టు సులభసాధనము పాట. పుస్తకపుమాటకును ఇంటిమాటకును పోరు పెట్టక, రెంటిని ఒకే చెవిలో నిలుపగలది పాటయే. మన ఇండ్లలో జోలపాటలు, గొబ్బిపాటలు, పెండ్లిపాటలు, రాగులు విసరు పాటలు తెలిసిన అవ్వలింకను ఉన్నారు. మిల్లులు వచ్చినవి; విసుర్రాయి మూలబడినది; దానితో ఆ పాటకు పని పోయినది. పనిలేని పాటను పిలిచి పాడించువారు లేనిచో, అది పాడిన గొంతుతోనే పోవును. ఇతరులెవరో వచ్చి సేకరింతురని మన మెదురుచూడరాదు. వింజమూరివారికి హార్మోనియము, రికార్డు సంస్థ కావలసి వచ్చెను. జోన్సునకు గ్రుడ్ల అట్టలు కొట్టిన గది కావలసి వచ్చెను. నేడు ప్రతి ఇంట నున్న చేతిఫోను ఆ రెండింటి పనిని చేయగలదు. మూడు నిమిషముల కట్టడియు దానికి లేదు.

7. ఇంట చేయదగిన అభ్యాసము

తల్లిదండ్రులు ఈ సెలవులలో పిల్లలచేత క్రింది పనులు చేయింపగోరుచున్నాము.

1. అవ్వనుగాని, తాతనుగాని, ఇరుగుపొరుగు పెద్దలనుగాని ఒక పాట పాడుమని బిడ్డయే అడుగవలెను. పాడువారి యనుమతి లేక రికార్డు చేయరాదు.

2. పాడుటకు ముందు గౌహర్ జాన్ పద్ధతిని అనుసరింపవలెను. పాడువారు తమ పేరు, ఊరు, ఆ పాట ఎవరివద్ద నేర్చిరో తామే చెప్పవలెను. పేరులేని పాట కొన్నాళ్లకు దిక్కులేనిదగును.

3. మధ్య ఆపి తప్పులు దిద్దరాదు. చరణము మరచినచో తడవుకొననీయవలెను. కోడి కూసినను, బండి పోయినను చింతలేదు. అవియు మన యూరి ధ్వనులే.

4. పాటను బిడ్డ తెలుగు లిపిలో, విన్నది విన్నట్లు వ్రాయవలెను. ఇసిరే యని వినబడినచో ఇసిరే యనియే వ్రాయవలెను. విసిరెడు అని దిద్దరాదు. తెలియని మాటలకు అర్థము పెద్దలనడిగి ప్రక్కన వ్రాయవలెను.

5. ఆ పాట ఏ పనిలో, ఏ పండుగలో పాడుదురో రెండు వాక్యములలో వ్రాయవలెను.

6. తుదకు బిడ్డయు ఆ పాటను నేర్చి, అవ్వ యెదుట పాడవలెను. ఇది చేయనిచో తక్కిన ఐదును సగము పనియే. రికార్డు పాటను దాచును. పాడిన నోరే పాటను బ్రదికించును.

తరగతికి పది పాటలు వచ్చినను ఐదు తరగతులకు ఏబది యగును. అది మన బడి తానుగా కూర్చుకొన్న ఆల్బము. దానిని వెల యిచ్చి కొనలేము. నేటి అవ్వల తరము గడచిన పిమ్మట ఏ వెలకును చేయనులేము. కాలము మనకొరకు నిలువదు గనుక, ఈ యేటనే మొదలుపెట్టుదుము గాక.